మణికట్టు దగ్గర ఆగిన నాడి

పోయిన వారం షాహిదాను మనం పిడుగురాళ్లలో, వాళ్లింటి వెనకగదిలో వదిలి వచ్చాం. ఒళ్లో మనిషి దండచేతి ఎముక, పక్కన తెరిచిన పుస్తకం, చెవులు మాత్రం ముందు వసారా వైపు. గుంటూరులో మెడిసిన్ చదువుతున్న ఆ పిల్లకు సోమవారం అనాటమీ యూనివర్సిటీ పరీక్ష. ముందు వసారాలో ఆమె తండ్రి మీరా సాహెబ్ విరిగిన ఎముకలకు కట్టు కడతాడు. క్వారీల్లో రాయి పడి, బట్టీల దగ్గర కాలుజారి, లారీల మీది నుంచి దొర్లి వచ్చినవాళ్లతో ఆ వసారా ఏ రోజూ ఖాళీగా ఉండదు.

తండ్రీకూతుళ్ల మధ్య మాటలు లేక అప్పటికి మూడు రోజులు. "నువ్వు కట్టే కట్టు కింద ఏమేం ఉన్నాయో నీకు తెలియదబ్బా" అని నోరుజారింది షాహిదా. ఆయన కోప్పడలేదు. "పరీక్ష అయ్యేదాకా ముందుకు రాబాకు. నీ చదువు నీది, నా పని నాది" అని మాత్రం అన్నాడు. ఆమె ఆ మాట దాటలేదు. గురువారం మధ్యాహ్నం ఆ ఏడుపు వినపడేదాకా.

విరిగిన ఎముక ఏడుపు షాహిదాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కట్టు బిగించేదాకా కేకలు, బిగించాక మూలుగు, గంట తిరిగేసరికి నిద్ర. ఈ ఏడుపు ఆ తీరులో లేదు. పొద్దున ఎనిమిదింటికి కట్టు కట్టించుకుని వెళ్లిన పిల్ల పన్నెండింటికి తిరిగొచ్చి ఏడుస్తోంది. తగ్గవలసిన నొప్పి పెరుగుతోంది.

షాహిదా లేచింది. చేతిలో ఎముక ఉన్న సంగతి కూడా మరిచిపోయి వసారాలోకి నడిచింది.

బల్ల మీద తల్లి ఒళ్లో పడుకుని ఉంది పిల్ల. ఎనిమిదేళ్లుంటాయి, పేరు నిర్మల. తల్లి జీవరత్నానిది రెంటచింతల. సున్నపు బట్టీలో కూలికి వచ్చి ఇక్కడే పాక వేసుకుంది. బట్టీ నుంచి నేరుగా పరుగెత్తి వచ్చినట్టుంది, జుట్టంతా సున్నం దుమ్ము. పిల్ల ఎడమచెయ్యి మోచేతి దగ్గర మడిచి, భుజం నుంచి మణికట్టు పైదాకా వెదురు బద్దలతో కట్టి ఉంది. గుడ్డసొన, మినపపిండి పట్టించిన గుడ్డ ఎండి బిర్రబిగుసుకుపోయింది.

"పొద్దున కట్టు కట్టినాక బాగానే ఉంది సాయిబన్నా" అంటోంది జీవరత్నం. "ఆ చేత్తోనే బిస్కెట్టు పట్టుకొని తిన్నది. పదింటికాడ మొదలుపెట్టింది, ఇంక ఆపట్లా. వేళ్లు మొద్దుబారినయ్యంటది."

"మొదటి రోజు నొప్పి ఉంటది జీవరత్నం" అన్నాడు మీరా సాహెబ్. "ఎముక కదలకుండా ఉండాలంటే బిగువు ఉండాల. రేపటికి తగ్గుద్ది. పసుపు పాలు తాగించు."

షాహిదా బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. బయట ఏప్రిల్ ఎండ రాళ్లను కాలుస్తోంది. ఆ వేడిలో పిల్ల వేళ్లు చల్లగా ఉన్నాయి. తెల్లగా, ఉబ్బి ఉన్నాయి. గోరు నొక్కి వదిలింది. రంగు తిరిగి రాలేదు. నడిమివేలిని రవ్వంత చాపబోతే పిల్ల ఒళ్లంతా ఎగిరిపడేలా అరిచింది. కట్టు అంచుకూ అరచేతికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత చోటు ఉంది. బొటనవేలి వైపు, నాడి దొరకవలసిన చోట వేళ్లు ఆనించింది.

ఏమీ లేదు.

కుడిచేతి మణికట్టు పట్టుకుంది. అక్కడ నాడి పరుగెత్తుతోంది. మళ్లీ ఎడమచెయ్యి. ఏమీ లేదు.

ఒక్క క్షణం ఆమెకు ఫార్మలిన్ వాసన వచ్చింది. డిసెక్షన్ హాల్లో ఆరో నంబరు టేబుల్. మొదటి పరీక్షలో చేతి భాగం తప్పింది షాహిదా. తెలియక కాదు, ఇంగ్లీషులో చెప్పలేక. తోటివాళ్లు కాళ్ల భాగానికి వెళ్లిపోయారు. ఆమె మాత్రం పాఠం చెప్పే సుభాషిణి మేడం ఎదుట పదిహేను సాయంత్రాలు శవం చెయ్యి కోస్తూ నిలబడింది. మోచేతి మడతలో రక్తనాళం బయటపడ్డప్పుడు మేడం, "దీని కింద వేలు పెట్టి చూడు. ఎంత చోటుంది?" అని అడిగింది. పెట్టి చూసింది. వెనక ఎముక, ముందు తోలు పట్టీలాంటి పొర, మధ్యలో నాళం. వేలు ఇరుక్కుంది. "చోటు లేదు మేడం." "గుర్తుంచుకో. ఇక్కడ వాపొస్తే అది పోవడానికి వేరే దారి లేదు."

"అబ్బా, కట్టు విప్పాలి."

మూడు రోజుల తర్వాత తండ్రితో ఆమె అన్న మొదటి మాట అది.

వసారాలో కూర్చున్నవాళ్లంతా తలలెత్తారు. చీలమండ బెణికి వచ్చిన యల్లమంద అనే లారీ కూలీ అందరికంటే ముందు తేరుకున్నాడు. "ఏందమ్మాయ్, ఆయన కట్టిన కట్టు నువ్వు విప్పమంటావా? నాయన చెయ్యి పడితే చాలని మాచర్ల నుంచి వస్తన్నారు జనం."

"లోపలికి పో" అన్నాడు మీరా సాహెబ్, కూతురి వైపు చూడకుండా.

"పోను."

"షాహిదా."

"పోనబ్బా. ఈ చేతికి నెత్తురు అందట్లేదు. ఇంకో రెండు మూడు గంటలు ఇట్లాగే ఉంటే కండ చచ్చిపోద్ది. తర్వాత ఎముక అతికినా వేళ్లు ముడుచుకుపోతయి. బతికినంతకాలం ఈ చేత్తో ముద్ద కూడా తీసుకోలేదు."

జీవరత్నం పిల్లను ఇంకా గట్టిగా పొదివి పట్టుకుంది. మీరా సాహెబ్ ముఖం ఎర్రబడింది. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ వేళ పెంచాడు.

"ఏడాది చదివి వచ్చి నాకు చెబుతుండావా? మా అబ్బ ఇమాం సాహెబు నా చేతికి ఈ విద్య ఇచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. ఈ బిగువు సడలిందా, ఎముక వంకరగా అతుకుద్ది. అప్పుడు జనం వచ్చి అడిగేది నన్ను. నీ పుస్తకాన్ని కాదు."

"వంకర అతికితే తర్వాతైనా సరిచేయొచ్చు. చెయ్యి చచ్చినాక ఎవరు తెచ్చిస్తారు?"

అప్పుడే ఆమెకు తన చేతిలోని ఎముక కనిపించింది. అది ఏమిటో అర్థమయి యల్లమంద బెంచీ మీద వెనక్కి జరిగాడు. జీవరత్నం గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. షాహిదా పట్టించుకోలేదు. ఎముక కిందికొనను తండ్రి కళ్లెదుట పెట్టింది.

"ఇదుగో, ఇక్కడ విరిగింది. పై ముక్క కొన ముందుకొచ్చింది. సరిగ్గా దాని ముందు నుంచే నెత్తురు గొట్టం పోద్ది. నువ్వు మోచెయ్యి మడిచి కట్టావు. లోపల వాపు, పైన బిగువు. మధ్యలో గొట్టం నలిగిపోయింది. నేను కోసి చూశానబ్బా. అక్కడ వేలు పట్టే చోటు కూడా లేదు."

మీరా సాహెబ్ ఎముకను చూశాడు. నాలుగు రోజుల కిందట, గొడవకు ముందు, ఇదే ఎముకను చేతుల్లోకి తీసుకుని పసిపిల్లాణ్ని చూసినట్టు తిప్పి తిప్పి చూశాడాయన. నలభై ఏళ్లుగా చర్మం పైనుంచి తడిమిన దాన్ని కళ్లతో చూడటం అదే మొదలు. ఇప్పుడు మాత్రం చూపు తిప్పుకున్నాడు.

షాహిదా గొంతు తగ్గించింది. "నా మాట నమ్మొద్దు. నీ కళ్లు పొరబడతయ్యేమో గాని నీ వేళ్లు పొరబడవని నువ్వే అంటావుగా. ఈడ పెట్టి చూడు."

ఆయన కదల్లేదు. ఇంటి లోపలి గడప దగ్గర షాహిదా తల్లి రబియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కాదంటే ఏం చేయాలో షాహిదా అప్పటికే నిర్ణయించుకుంది. కత్తెర గూట్లో ఉంది. నాలుగు అడుగులు. నలుగురిలో తండ్రి పరువు తీసిన కూతురని ఊరు చెప్పుకుంటుంది. చెప్పుకోనీ.

ఆమె లేవబోతుండగా మీరా సాహెబ్ వంగాడు. పిల్ల మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎముక ఎక్కడ చీలిందో వెతికేటప్పుడు ఆయన అలాగే కళ్లు మూసుకుంటాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. వేళ్లు కొంచెం పక్కకు జరిపాడు. మళ్లీ ఆగాడు. తర్వాత రెండో చెయ్యి పట్టుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఆ ముఖంలో కోపం లేదు.

"కత్తెర" అన్నాడు.

కట్టును ఆయనే కోశాడు. బద్దలు ఒక్కొక్కటే ఊడివచ్చాయి. చర్మం మీద వాటి గాట్లు లోతుగా పడి ఉన్నాయి. మోచెయ్యి రెండింతలు ఉబ్బి నిగనిగలాడుతోంది. షాహిదా మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

నాడి రాలేదు.

పుస్తకంలో వాక్యం ఆమెకు తెలుసు. మోచెయ్యి మడత విప్పాలి, నెమ్మదిగా లాగుతూ విప్పాలి, నాళం మీద ఒత్తిడి తగ్గుతుంది. కాని ఆమె కోసిన చేతులన్నీ నొప్పి తెలియనివి. బతికి ఉన్న విరిగిన చేతిని ఎలా పట్టుకోవాలో ఏ సాయంత్రమూ ఎవరూ నేర్పలేదు. ఆ పని తెలిసిన చేతులు ఆ వసారాలో రెండే ఉన్నాయి.

"అబ్బా, మోచెయ్యి తెరవాలి. లాగుతా తెరవాలి. కొంచెమే."

"ఎంత?" అన్నాడు మీరా సాహెబ్.

ఆయన ఆ పని గురించి ఇంకొకరిని అడగడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"నాడి వచ్చేదాకా. నేను చెబుతుంటా."

ఆయన ఒక చేత్తో దండచేతిని, రెండో చేత్తో ముంజేతిని పట్టుకున్నాడు. పట్టుకున్నట్టే అనిపించలేదు, అంత తేలిగ్గా. "బంగారు తల్లీ, ఒక్క క్షణం, ఒక్క క్షణం" అని పిల్లతో గొణుగుతూ లాగాడు. షాహిదా చూపంతా తన వేళ్ల కొసల మీదే ఉంది.

"ఇంకొంచెం. ఇంకొంచెం... ఆగు."

దారప్పోగు కదిలినట్టు ఏదో తగిలింది. అంతలోనే పోయింది.

"పోయిందబ్బా. రవ్వంత వెనక్కి. ఆ... అంతే. కదపబాకు."

మళ్లీ వచ్చింది. ఈసారి నిలబడింది. సన్నగా, గబగబా, కాని తప్పకుండా కొడుతోంది. షాహిదా లెక్కపెట్టింది. ఇరవైదాకా వెళ్లాక కళ్లెత్తి తండ్రిని చూసి తల ఊపింది. గోళ్ల కింద ముందు ఊదారంగు, తర్వాత మెల్లగా ఎరుపు తిరిగింది. పిల్ల ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. జీవరత్నం పిల్ల వేళ్లను తన చెంపకు ఆనించుకుని, "వెచ్చగున్నయ్, వెచ్చగున్నయ్" అని అదే మాట అంటూ ఉండిపోయింది.

చెయ్యి అలాగే ఉండేలా ఒక చెక్క మీద ఆనించి, తువ్వాలుతో వదులుగా కట్టాడు మీరా సాహెబ్. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఇప్పుడే నరసరావుపేట పోవాలి" అంది షాహిదా. "వాపు ఇంకా పెరుగుద్ది. మళ్లీ మూసుకుపోతే మన వల్ల కాదు. ఆడ ఎముకల డాక్టరున్నాడు."

"ఆస్పత్రా?" జీవరత్నం ఉలిక్కిపడింది. "చెయ్యి తీసేస్తారంటగా తల్లీ! ఆ భయంతోనేగా మీ నాయన దగ్గరికొచ్చింది."

"తియ్యనివ్వనక్కా. నేను పక్కనే ఉంటా."

"సోమవారం పరీక్షగదే!" అంది రబియా గడప అవతల నుంచి.

"సోమవారం దాకా ఈ చెయ్యి ఆగదమ్మీ."

మీరా సాహెబ్ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. "నేనూ వస్తా" అన్నాడు. "నా కాలో?" అన్నాడు యల్లమంద. "నీళ్లలో పెట్టుకొని కూర్చో. రేపు రా" అని చెప్పి వసారా తలుపులు మూశాడు.

సున్నం లోడుతో నరసరావుపేట వెళ్తున్న లారీ దొరికింది. కేబిన్లో తల్లీబిడ్డా, పక్కన షాహిదా, అంచున మీరా సాహెబ్. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన తన అరచెయ్యి చెక్క కింద పెట్టి పిల్ల చేతికి కుదుపు తగలకుండా కాశాడు. షాహిదా వేళ్లు మణికట్టు వదల్లేదు.

సగం దారిలో ఆయన అడిగాడు. "ఆ గొట్టం పేరేంది?"

"బ్రేకియల్ ఆర్టరీ."

లోలోపల ఒకసారి పలికి చూసుకున్నాడు. "నువ్వు కోసి చూశానన్నావే, ఆ మనిషెవరు?"

"తెలియదబ్బా. ఒకామె. కూలి చేసుకొని బతికినట్టుంది, అరచేతులు కాయలు కాసి ఉన్నయ్. ఆమె కోసం ఎవరూ రాలేదంట."

"ఆమెకు అల్లా మేలు చెయ్యాల" అన్నాడాయన.

డాక్టర్ శ్రీమన్నారాయణ నర్సింగ్ హోం పెట్టి ఏడాది అయింది. నలభై ఏళ్ల మనిషి. మాట తక్కువ, నడక వేగం. పిల్ల చేతిని ఒక్కసారి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి తీసుకువెళ్లిపోయాడు. తల్లి, షాహిదా, మీరా సాహెబ్ వరండా బెంచీ మీద కూర్చున్నారు. గోడ గడియారంలో గంటన్నర గడిచింది.

డాక్టరు బయటికి వచ్చి నేరుగా జీవరత్నం దగ్గర ఆగాడు. "చెయ్యి దక్కిందమ్మా. రెండు రోజులు ఇక్కడే ఉంచి చూస్తాను. వేళ్లు కదిలిస్తోంది." జీవరత్నం ఆయన కాళ్ల మీద పడబోయింది. ఆయన పక్కకు జరిగి, "నా గొప్ప కాదు. ఆ కట్టు ఇంకో మూడు గంటలు ఉంటే నేను చేసేదేం లేదు. ఎవరు విప్పించారు?" అని అడిగాడు.

జీవరత్నం షాహిదాను చూపించింది. మెడిసిన్ చదువుతోందని తెలిశాక డాక్టరు ముఖం విప్పారింది. "లోపలికి రామ్మా" అన్నాడు.

గదిలో కుర్చీ చూపించి, బల్ల సొరుగులోంచి లావుపాటి ఫైలు తీశాడు.

"కట్టింది ఎవరంటే తల్లి నోరు విప్పడం లేదు. చెప్పకపోయినా నాకు తెలుసు. పిడుగురాళ్ల మీరా సాహెబ్. ఈ ఏడాదిలో నా దగ్గరికి వచ్చిన ఏడో కేసు ఇది. మిగతా ఆరుగురివీ దక్కలేదు, కొందరివి ఏళ్ల కిందట చచ్చిన చేతులు." ఒక్కొక్క ఫోటో బల్ల మీద పెట్టాడు. ముడుచుకుపోయిన చేతులు. ఎండిన కొమ్మల్లాంటి ముంజేతులు. లోపలికి వంగి బిగుసుకుపోయిన వేళ్లు. "ఆరుగురినీ అడిగాను. ఒక్కరూ ఆయన మీద ఫిర్యాదు ఇవ్వరు. దేవుడంటారు. డబ్బు తీసుకోడంటారు. కలెక్టరుకు రాద్దామంటే సాక్ష్యం లేదు."

షాహిదా నాలుగో ఫోటోలో ముఖం చూసి ఆగిపోయింది.

నాగేంద్రమ్మ. వాళ్ల వీధిలోనే కూరగాయల గంప పెట్టుకునే నాగేంద్రమ్మ. కుడిచెయ్యి పనికిరాదు, ఎడమచేత్తోనే తూకం వేస్తుంది. చిన్నప్పుడు షాహిదా అడిగితే, పుట్టుకతోనే అంతేనమ్మా అని నవ్వింది. అడుగుతున్న పిల్ల ఎవరి కూతురో నాగేంద్రమ్మకు తెలుసు. అందుకే అలా చెప్పింది. ఇన్నేళ్లూ.

"ఇప్పుడు నాకు నువ్వు దొరికావు" అన్నాడు శ్రీమన్నారాయణ. "చదువుకున్నదానివి. నాడి లేకపోవడం నీ వేళ్లతో చూసినదానివి. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టు. రేపు నేనే స్వయంగా తీసుకువెళ్తాను. ఆ వసారా మూతపడాలి." తెల్లకాగితం, కలం ఆమె ముందుకు జరిపాడు. "పైన నీ పేరు, తండ్రి పేరు, ఊరు."

షాహిదా కలం తీసుకుంది. తన పేరు రాసింది. తెరిచిన తలుపులోంచి వరండా కనిపిస్తోంది. బెంచీ మీద తండ్రి రెండు అరచేతులూ మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. కొత్తగా ఎవరో తెచ్చి తగిలించిన చేతుల్లా చూస్తున్నాడు.

ఆమె తల వంచి రెండో పంక్తి రాసింది. మూడో పంక్తిలో ఊరు రాసింది.

డాక్టరు కాగితాన్ని తలకిందులుగానే చదివాడు. కళ్లజోడు తీశాడు. "మీరా సాహెబ్... ఏ మీరా సాహెబ్?"

"మీరు చెప్పిన ఆయనే సార్. మా నాన్న. కట్టింది ఆయనే. విప్పిందీ ఆయనే. బయట బెంచీ మీద ఉన్నాడు."

శ్రీమన్నారాయణ తలుపు వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. ఇంతసేపూ ఆ ముసలాయన్ని పిల్ల తాతే అనుకున్నాడాయన. ఏడాదిగా కాచుకున్న మనిషి వరండాలోనే కూర్చుని ఉంటే గుర్తుపట్టలేదు. కాగితం అందుకోబోయాడు. "వద్దులేమ్మా" అన్నాడు. "కూతురి చేత రాయించుకునేంత... వద్దు. ఇలా ఇచ్చేయ్."

షాహిదా కాగితం మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కిపట్టింది. కలం మూత తీసే ఉంది.

వరండాలో బెంచీ కిర్రుమంది. తండ్రి లేచి వస్తున్న అడుగుల చప్పుడు ఆమెకు తెలుసు. ఆ అడుగులు గుమ్మం దగ్గర, ఫోటోలు కనిపించేంత దూరంలో ఆగాయి. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఇంకో రెండు కాగితాలు ఇవ్వండి సార్" అంది. "కట్టిందీ రాయాలి, విప్పిందీ రాయాలి. దీంట్లో పట్టదు."